మూలగని రికార్డు

పెళ్లిచూపుల్లో పాట పాడమన్న పెళ్లికొడుకులు ఊరికొకరుంటారు. నడుస్తున్న పాటను ఆపమన్న మహానుభావుడు మాత్రం బరంపురం పట్టుచీరల కొట్టు పూర్ణచంద్ర ఒక్కడే.

“సీడీ ఏటండీ, ఉప్పులేని పప్పులాగ! ఆపండి. పక్కన రికార్డ్ ప్లేయర్ ఉంది కదా. రికార్డులో అయితే ఎదురుగా కూకుని పాడినట్టుంటాది” అన్నాడు.

పురుషోత్తంపూర్‌లోని ఆ ముందుగదిలో అందరూ మొహమొహాలు చూసుకున్నారు. తల్లి వాసవీకుమారి కొడుకు తొడ మీద గిల్లింది. అప్పటికే ఆలస్యమైపోయింది. అంతవరకు తలొంచుకుని కూర్చున్న పెళ్లికూతురు సాయిపద్మ తలెత్తేసింది. ఆ పిల్ల ఉద్యోగం చెవుల డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేయడం మరి.

“మీ చెవికి నిజంగా తేడా తెలుస్తాదా, ఉత్త డాబా?”

“కళ్లు మూసుకుని సెప్తాను.”

“అయితే గోడకేసి తిరగండి. మా తాతకిష్టమైన పాట నా దగ్గర రికార్డులోనూ ఉంది, సీడీలోనూ ఉంది. ఒకటి పెడతాను. ఏదో సెప్తే నాకీ సంబంధం ఇష్టమే. తప్పు సెప్తే ఇంక బయల్దేరండి.”

ఆ కోపపు కళ్లు చూసినప్పుడే పూర్ణచంద్ర పనైపోయింది. ఈ పిల్ల కాదంటే ఇంకో గుమ్మం ఎక్కే మనసు లేదు. వినాయకుడికి మనసులో కొబ్బరికాయ మొక్కుకుని, బుద్ధిగా గోడకేసి తిరిగాడు. బయట వాన అందుకుంది.

సాయిపద్మ ఎవరికీ కనబడకుండా ప్లేయర్లకి అడ్డంగా నిలబడింది. వెనక పాట మొదలైంది. ముందు చిటపటలు, తర్వాత గొంతు. ఆ చిటపటలు వినగానే అతనికి ప్రాణం లేచొచ్చింది.

“రికార్డు!”

సాయిపద్మ ఒకసారి ప్లేయర్లకేసి, ఒకసారి అతని వీపుకేసి చూసింది.

“అవును... రికార్డే” అంది సాయిపద్మ నెమ్మదిగా. “గెలిసారు.”

“అమ్మయ్య!” అని వాసవీకుమారి మిఠాయి అందుకుంది. పూర్ణచంద్ర మీసం మెలేస్తూ ఇటు తిరిగాడు. సరిగ్గా అప్పుడే పెద్ద ఉరుము ఉరిమి కరెంటు పోయింది. పాట కత్తిరించినట్టు ఆగిపోయింది.

మూల కుర్చీలో కునికిపాట్లు పడుతున్న తాత కూర్మారావు కళ్లు తెరిచాడు.

“రికార్డంతావేటే పాపా? కరెంటు పోతే రికార్డు ‘ఊఁ...’ అని మూలుక్కుంటూ ఆగాల. ఇది టక్కున ఆగిపోనాది. సీడీయే ఇది!”

అందరి చూపులూ సాయిపద్మ మీదే. ఆ పిల్ల ముఖం కందిపోయింది.

“తాత రికార్డుని నేనే సీడీలోకి ఎక్కించాను, చిటపటలతో సహా” అని గొణిగింది.

“అంటే నేను ఓడిపోనానా?”

“ఓడిపోనారు.”

“మరి గెలిసారని ఎందుకన్నారు?”

“బయల్దేరండని అనలేక.”

తాత పకపకా నవ్వాడు. “వచ్చినోళ్లందరికీ వంకలెట్టిన పిల్ల ఒకడి కోసం అబద్ధమాడింది. ఇంకేటి సూస్తారు? పంతులుగారికి ఫోన్ కొట్టండి!”

పూర్ణచంద్ర మెల్లగా సాయిపద్మ పక్కకి జరిగాడు.

“సీడీయే బాగుందండీ” అన్నాడు.

“అబద్ధం!”

“మీరొకటి ఆడారు కదా. నేనూ ఒకటి ఆడాను.”