ఇంటి పెద్ద నిలబడే రోజు

పెరట్లో గడ్డి మీద మంచు ఇంకా కరగలేదు. గావ్రిలో అనే అతను బండి కింద వెల్లకిలా పడుకుని, నేల చెక్క ఎక్కడిదాకా కుళ్ళిందో స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూస్తున్నాడు. మూడు చోట్ల గట్టిగా తగిలింది. నాలుగోచోట తడిసిన రొట్టెలోకి దిగినట్టు దిగిపోయింది.

"ఇంకా ఎంత పోయింది?" లోపల్నుంచి భార్య టియానా అడిగింది.

"జానెడు. పొయ్యి దగ్గర గట్టిగా అడుగు వెయ్యకు. నా మీద పడతావ్."

"పడితే నీ మొహమైనా చూస్తాను. రెండు నెలలుగా నీ బూట్లు తప్ప ఏమీ కనిపించట్లేదు."

ఆ పాత మోటార్‌హోమ్‌ని సెప్టెంబర్‌లో కొన్నారు. గావ్రిలో వయసు ముప్పై ఆరు, బండిదీ అంతే. కొన్న వారానికే అతనూ, టియానా, నాలుగేళ్ళ కూతురు దున్యా, అతని అమ్మానాన్నల ఇంటి వెనకగది ఖాళీ చేసి అందులోకి మారిపోయారు. ఒక పక్క కాపురం, ఒక పక్క మరమ్మతు. కారుతున్న పైకప్పు కిటికీ మార్చారు. ఉబ్బిన గోడ చెక్కలు పీకి కొత్తవి వేసి, తేనెమైనంతో రుద్దారు. టియానా పరుపులకు గళ్ళ గుడ్డతో గలీబులు కుట్టింది.

బండి నిలబడింది నాన్న కట్టిన ఇంటి నీడలో. కింది అంతస్తు తెల్లగా సున్నం వేసి ఉంటుంది. దాని మీద ఇంకో అంతస్తు పూత లేని ఇటుకలతో, కిటికీల ఖాళీలకు ప్లాస్టిక్ పట్టాలతో, పాతికేళ్ళకు పైగా అలాగే ఉంది. వాళ్ళ ఊరు క్లాదోవోలో కొడుకున్న తండ్రి పైన ఒక అంతస్తు లేపాల్సిందే. గాలి వీచినప్పుడల్లా ఆ పట్టాలు కొట్టుకునే చప్పుడు గావ్రిలో బడికి వెళ్ళే రోజుల నుంచీ వింటున్నాడు. "అది నీదే" అనేవారు అందరూ. కోరుకోకముందే ఇచ్చేసిన దాన్ని ఎలా కోరుకోవాలో అతనికి తెలియలేదు.

అతని బతుకు తేనెటీగల పెట్టెలతో. మే నెల నుంచి పూత ఎటుంటే అటు, పెట్టెలు లారీలో మోసుకుంటూ నాలుగు నెలలు తిరుగుతాడు. పోయిన ఆగస్టులో ఇంటికొచ్చేసరికి దున్యా వాళ్ళమ్మ వెనక దాక్కుని, "ఈయన ఎన్ని రోజులుంటాడు?" అని అడిగింది. అందరూ నవ్వారు. గావ్రిలో కూడా నవ్వాడు. ఆ తర్వాతే బండి కోసం వెతకడం మొదలుపెట్టాడు.

వసారా మెట్టు మీద నాన్న రాదోయె కాఫీ తాగుతున్నాడు. దున్యా అతని దగ్గరికి పరుగెత్తింది.

"తాతా, మా ఇంటికి ఎప్పుడొస్తావ్?"

"మీ ఇల్లెక్కడుంది బంగారూ?"

"అదిగో."

"అది ఇల్లు కాదు, డబ్బా. చేపలు అమ్ముతారే, అలాంటిది."

"మేమున్నాం అందులో."

"అందుకే రావట్లేదు. మీ నాన్న నూనె పోసి మూత బిగించేస్తాడు."

దున్యా పకపకా నవ్వింది. బండి కింద గావ్రిలో నవ్వలేదు. నాన్న రోజూ ఎండుకట్టెలు తెచ్చి బండి మెట్టు పక్కన పడేస్తాడు. లోపలికి తొంగి కూడా చూడడు.

ఎల్లుండి స్లావా. వాళ్ళ వంశానికి ఇలవేల్పు సెయింట్ జార్జ్; ఏడాదికోసారి ఆయన పండుగ. ఆ రోజు వచ్చినవాళ్ళంతా కూర్చుని తింటారు, ఇంటి పెద్ద మాత్రం కూర్చోడు. మోకాళ్ళు వాచిపోయినా రాదోయె పొద్దు గుంకేదాకా నిలబడే ఉంటాడు. కొడుకు వేరింటివాడైన ఏడు, తండ్రి పండుగ రొట్టెలో పావు భాగం అతని చేతిలో పెడతాడు. అప్పటినుంచి కొడుకు తన గడపలో తనే ఇంటి పెద్దగా నిలబడతాడు. గావ్రిలోకు ఆ పావు రొట్టె కావాలి. ఎంతగా కావాలో, అడగడానికి నోరు పెగలనప్పుడే తెలిసింది.

మర్నాడు వంటింట్లో అమ్మ మిలేవా పండుగ రొట్టెకు పిండి పిసుకుతోంది. నాన్న బల్ల దగ్గర కూర్చున్నాడు.

"నాన్నా, ఈ ఏడు నా పావు రొట్టె నాకివ్వు."

మిలేవా చేతులు పిండిలోనే ఆగిపోయాయి.

"దేనికి?" అన్నాడు రాదోయె.

"మే నెలలో పెట్టెలతో పాటు వీళ్ళనీ తీసుకెళ్తున్నాను. వేరింటివాణ్ణవుతున్నాను."

"ఇల్లుంటే కదరా వేరిల్లు. రొట్టె గడపకిస్తారు, చక్రాలకివ్వరు. నీ గడప పైనుంది. ఎక్కి కూర్చో, రేపే ఇస్తాను."

"పైనుంటే నాలుగు నెలలు వీళ్ళిక్కడ, నేనెక్కడో."

"అయితే? మేం అలా బతకలేదా?"

"బతికాం," అన్నాడు గావ్రిలో.

ఆ ఒక్క మాట రాదోయెకి తగిలింది. కప్పు కింద పెట్టాడు.

"పదకొండేళ్ళురా, జర్మనీలో సెంట్రింగ్ పని. పదకొండేళ్ళు సైటు పక్కన రేకుల బండిలో పడుకున్నాను, నా కొడుకు అలాంటిదాంట్లో పడుకోకూడదని. నువ్వు ఏరికోరి అదే తెచ్చి నా పెరట్లో పెట్టావ్. పొద్దున కిటికీ తియ్యగానే అదే."

"ఇద్దరూ ఆపండి. ఇది దేవుడి పిండి," అంది మిలేవా.

"నేను పడుకున్నాను నాన్నా ఆ రేకుల బండిలో. ఆరేళ్ళప్పుడు అమ్మా నేనూ వచ్చాం. మూడు వారాలు."

"అది గుర్తు చెయ్యకు." రాదోయె గొంతు తగ్గింది. "ఆ ఆదివారం వాన. నీకు జ్వరం. కారేది నీ పక్క మీదే. గిన్నె అటు పెడితే ఇటు, ఇటు పెడితే అటు. ఎంతమంది ఇళ్ళకో స్లాబులు పోసినవాణ్ణి, నా పిల్లాడి నెత్తిన ఒక కప్పు నిలపలేకపోయాను. మర్నాడే మిమ్మల్ని బస్సెక్కించాను. నీకు పైన కాంక్రీటు కప్పు వెయ్యాలని ఆ రోజే అనుకున్నాను."

గావ్రిలో బల్ల దగ్గరికి వచ్చాడు. "నా జ్వరానికి విసిగి పంపేశావనుకున్నాను."

"ఇన్నేళ్ళూనా?"

"ఇన్నేళ్ళూ. నాకా వాన గుర్తుంది, గిన్నె గుర్తుంది. ఆ రోజంతా నువ్వెక్కడికీ పోలేదు. కళ్ళు తెరిచినప్పుడల్లా ఉన్నావు. చిన్నతనంలో నాకు నువ్వున్న రోజులు అవే నాన్నా."

రాదోయె లేచి బయటికి నడిచాడు. కాసేపటికి పైన ఇటుకల అంతస్తులో అడుగుల చప్పుడు వినిపించింది. అటూ ఇటూ, అటూ ఇటూ. మిలేవా పిండి వైపే చూస్తూ, "నువ్వు బస్సెక్కాక, కింద నా దగ్గర ఆయన ఏడ్చాడు. నీకు చెప్పొద్దన్నాడు," అంది.

పండుగ పొద్దున చర్చి ఫాదర్ వచ్చి రొట్టెను దీవించి, నాలుగు భాగాలు చేసి వెళ్ళాడు. కొడుకుని రాదోయె పిలవలేదు. బండిలో చొక్కా గుండీలు పెట్టుకుంటూ అతను చిన్న బల్ల మీద గిన్నె చూశాడు. ఉడికించిన గోధుమలు, పంచదార, అక్రోట్లు. పండుగనాడు గుమ్మంలోకి వచ్చిన చుట్టానికి ముందుగా పెట్టేది.

"ఇదెందుకు చేశావ్?"

"ఊరికే," అంది టియానా, అతని వైపు చూడకుండా.

తలుపు చప్పుడైంది. నల్ల కోటులో రాదోయె, చేతిలో తెల్లగుడ్డ మూట. చట్రం పట్టుకుని ఒక్కో కాలే మెట్టెక్కాడు. లోపలికి వచ్చి కోటు విప్పి, చూడకుండానే ఎడమవైపుకు చెయ్యి చాపాడు. కొక్కెం అక్కడే ఉంది. కోటు తగిలించాక గాని అతనికి తెలియలేదు తను ఏం చేశాడో.

"ఇది ఇక్కడ పెట్టమని ఎవరు చెప్పార్రా?"

"ఎవరూ లేదు. అక్కడుంటే బాగుంటుందనిపించింది."

రాదోయె కిటికీ కింద మడతబల్లను చూశాడు. అడ్డంగా వేసిన పిల్ల మంచాన్ని చూశాడు. వంగి, అరచెయ్యి చాచి మంచం వెడల్పు కొలిచాడు.

"మూడున్నర జానలు. కొలిచి కోశావా?"

"లేదు. కంటి అందాజే."

"ఆ రేకుల బండిలో నీ మంచమూ మూడున్నరే," అన్నాడు రాదోయె.

గావ్రిలో తన చేతులతో చేసినదాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఈ రెండు నెలలూ కూతురికి ఇల్లు కడుతున్నాననుకున్నాడు. చేతులు మాత్రం ఆరేళ్ళ పిల్లాడు ఒకడు విడిచివచ్చిన చోటికే దారి వెతుక్కున్నాయి. మంచం అంచున కూలబడ్డాడు. కన్నీళ్ళు దాచుకోవడానికి ఆ బండిలో చాటు లేదు.

రాదోయె ముక్కు తుడుచుకుని తలెత్తి పైకప్పు కిటికీని చూశాడు. "కారుతుందా?"

"లేదు. మూడు వానలు చూశాను."

"అయితే నాకంటే బాగానే చేశావ్."

గుడ్డ విప్పి పావు రొట్టె, మైనపు కొవ్వొత్తి బల్ల మీద పెట్టాడు. "లేవరా. ఇవాళ ఇంటి పెద్ద కూర్చోకూడదు."

గావ్రిలో లేచాడు. అతను లేచిన చోట రాదోయె, వాచిన మోకాళ్ళు పట్టుకుని, మెల్లగా కూర్చున్నాడు.

దున్యా తాత మొహంలోకి చూసింది. "తాతా, ఎన్ని రోజులుంటావ్?"

"గంటసేపు. ఆనక ఆ ఇంట్లోకి నా చుట్టాలొస్తారు. ఇప్పుడు నేను మీ చుట్టాన్ని. వచ్చే ఏడు మళ్ళీ ఇదే రోజున వస్తాను. మీరెక్కడుంటే అక్కడికి."

పైకప్పు ఎత్తు తక్కువ, గావ్రిలో తల వంచి నిలబడ్డాడు. టియానా అందించిన గోధుమల గిన్నెను రెండు చేతులతో నాన్న ముందుకు చాపాడు. రాదోయె చెంచా అందుకున్నాడు.