పెదవులు కదిలిన చోట

"అక్షరాలు ఆలస్యంగా వస్తున్నాయి. మొదట్లోనే చూడటం ఆపేశాను," అంటూ ఆమె డిస్కును బల్ల మీద పెట్టింది.

అతను ఒప్పుకోలేదు. ఇంటి ముందుగదిలో కంప్యూటర్ పెట్టుకుని పాత వీడియో టేపుల్ని డిస్కుల్లోకి ఎక్కించడం అతని పని. ఈమె స్నేహితురాలెవరో ఒక పెళ్లి టేపు తెచ్చిచ్చి, సబ్‌టైటిల్స్ కూడా కావాలంది. ఎవరికోసమని అతను అడగలేదు. ప్రతి మాటా విని, టైపు చేసి, మాట మొదలైన క్షణం నుంచి ముగిసిన క్షణం దాకా బొమ్మ కింద నిలబెట్టాడు. అంత కష్టపడి చేసిన పనికి వంక పెడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇంకోసారి చూశాడు. అంతా సరిగ్గానే ఉందన్నాడు, స్క్రీన్ వైపే చూస్తూ.

"ఇటు తిరిగి చెప్పండి. నాకు వినపడదు."

తిరిగాడు. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఆమెకు వినికిడి పోయింది. మాట మిగిలింది. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పోల్చుకుంటుంది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. ఆ పెళ్లి ఆమె అక్కది. పెళ్లిలో అందరికీ మంచినీళ్లు అందించింది, అందరితో కలిసి నవ్వింది. ఎవరేమన్నారో ఒక్క ముక్క తెలియదు. ఆ ఇంట్లో ఆమె గురించి మాట్లాడాలంటే ముఖం పక్కకు తిప్పుకుంటారు. కెమెరా అలా తిప్పుకోలేదు కాబట్టి, ఆ రోజు మాటలన్నీ ఇప్పుడైనా తెలుసుకోవాలనుకుంది.

"ఆ చెవులు తీసి పక్కన పెట్టి చూడండి," అంది, హెడ్‌ఫోన్స్ చూపిస్తూ.

ధ్వని ఆపేసి చూశాడు. తెర మీద అక్క నవ్వి, ఏదో అని, నోరు మూసుకుంది. అప్పుడొచ్చాయి అక్షరాలు.

తప్పు ఎక్కడుందో అతనికి అప్పుడు అర్థమైంది. టేపు ఎక్కించేటప్పుడు ధ్వనే బొమ్మకన్నా కొంచెం వెనకబడింది. అతను చెవిని నమ్మి అక్షరాలు పెట్టాడు. చెవులున్నవాళ్లెవరూ కనిపెట్టలేదు. అతనూ అంతే.

ఒకసారి రాసిన డిస్కును దిద్దడం కుదరదు. కొత్తది రాయాల్సిందే. ఆ మాట చెప్పడానికి అతనికి సిగ్గేసింది. ఆమెకు నవ్వొచ్చింది.

అప్పటినుంచి ప్రెస్సు వదలగానే ఆమె వచ్చేది. ధ్వని ఆపి, ఇద్దరూ పెదవులు చూస్తూ ఒక్కొక్క మాటనూ ముందుకు జరిపేవాళ్లు. తెరిచిన నోటికి అక్షరం అందితే ఆమె చూపుడువేలు ఎత్తేది. లేకపోతే పెదవి విరిచేది. అతను చూడాల్సింది పెళ్లివాళ్ల పెదవులు. చూసేది మాత్రం ఆమె పెదవులు.

"పెళ్లికూతురు అటుంది," అనేది ఆమె, తెర వైపు వేలు చూపించి.

ఒకరోజు రేకుల మీద వాన మొదలైంది. తెలుసుకుని సంతోషిస్తుందని ఆమె వైపు తిరిగి, వాన పడుతోందని చెప్పాడు.

"రోడ్డు మీద గొడుగులు ఎప్పుడో విప్పారు. మీరెప్పుడూ ఆలస్యమే."

టేపులో భోజనాల హాలు దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. తెర మీద ఆమె తండ్రి కుర్చీలో కూర్చుని పెద్దమ్మతో మాట్లాడుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి. కింద ఒక్క అక్షరం లేదు.

ఆపమంది. వెనక్కి తిప్పమంది. మళ్లీ చూసింది. తండ్రి ముఖం సగమే కనిపిస్తోంది. 'పంపేస్తా' అన్న మాట ఒక్కటే దొరికింది ఆమెకు.

"ఇక్కడేమైంది?"

సరిగ్గా వినపడలేదన్నాడు. అబద్ధం చెప్పేటప్పుడు అతను కూడా ముఖం తిప్పుకున్నాడు.

"మీరూ అందరిలాంటివాళ్లేనా?"

మీరెవరో తెలిశాక, బాధపడతారని ఆ మాటలు తీసేశానన్నాడు.

"బాధ నాది. దాన్ని దిద్దడానికి మీరెవరు?"

చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

రెండు రోజులు అతను ఆమె కూర్చునే కుర్చీ వైపు చూడలేకపోయాడు. తర్వాత కూర్చుని ఆ ఖాళీలన్నీ నింపాడు. కొత్త డిస్కు రాసి, ప్రెస్సు గుమ్మం దగ్గర ఆమె చేతికిచ్చాడు. ఒక్క మాట కూడా వదల్లేదని చెప్పి, నిలబడకుండా వచ్చేశాడు.

ఆమె ఒక్కతే కూర్చుని చూసింది. రెండోదాన్ని ఏం చేస్తావని తెర మీద పెద్దమ్మ అడిగింది. తండ్రి జవాబు తెల్లటి అక్షరాల్లో పెదవులకు సరిగ్గా అందింది: దాన్నెవరు చేసుకుంటారు? పెద్దదానికి కాన్పయ్యాక అక్కడికి పంపేస్తా. పిల్లల్ని చూసుకుంటూ పడుంటుంది.

తల్లి పక్కనే కూర్చుని ఉంది. నేల చూపులు చూస్తోంది.

అక్కకు ఇప్పుడు ఏడో నెల. ప్రెస్సు ఉద్యోగం మానెయ్యమని ఇంట్లో ఎందుకు సతాయిస్తున్నారో ఆమెకు తెలిసింది.

మర్నాడు ఆమె తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఏడ్చిన కళ్లు. అతను కుర్చీ ఆమెకు ఎదురుగా జరుపుకున్నాడు. వెలుతురు తన ముఖం మీద పడేలా దీపం తిప్పుకున్నాడు. మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలనుంది, జాలిపడి కాదు అన్నాడు.

"పెదవులు వణుకుతున్నాయి. చదవలేకపోయాను. మళ్లీ చెప్పండి."

మళ్లీ చెప్పాడు. ఈసారి నెమ్మదిగా.

"మొదటిసారే తెలిసింది," అంది ఆమె. "నా ముఖం చూసి ఒకరు నా గురించి మాట్లాడుతుంటే రెండుసార్లు చూడాలనిపించింది."

ఆదివారం అతను పెళ్లి మాట అడగడానికి వాళ్లింటికి వెళ్లాడు. తల్లి, పెద్దమ్మ మంచం మీద కూర్చున్నారు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. కుర్చీలో ఉన్న తండ్రి అలవాటు ప్రకారం ముఖం కిటికీ వైపు తిప్పుకుని మొదలుపెట్టాడు.

"మనలో మాట బాబూ, ఆలోచించుకున్నావా? రేపు పిల్లాడు గుక్కపట్టి ఏడ్చినా దానికి వినపడదు."

అతను ఆమె వైపు తిరిగాడు. తండ్రి అన్నది అన్నట్టుగా, ఒక్క మాట తగ్గించకుండా పెదవులతో చెప్పాడు.

"అదెందుకు చెప్తున్నావు దానికి?"

ఆ మాట కూడా చెప్పాడు.

"నువ్వు చూస్తే డిస్కులు చేసుకుని బతికేవాడివి. దీన్నేం పోషిస్తావు?"

తన గురించిన ఆ మాటనూ అలాగే అందించాడు. పెద్దమ్మ కొంగు అడ్డం పెట్టుకుని, వీడికీ ఏదో లోపముండే ఉంటుందని గొణిగింది. దాన్నీ వదల్లేదు. పెద్దమ్మ కొంగు దించేసింది.

"ఆవిడ గురించే కదండీ మాట్లాడుతున్నారు. ఆవిడకి తెలియాలి. జవాబు చెప్పాల్సింది కూడా ఆవిడే," అన్నాడు అతను.

ఆమె మాట్లాడింది. ప్రెస్సు మాననని, అక్క దగ్గరికి వెళ్లనని చెప్పింది. ఆ ఆలోచన ఆమెకెలా తెలిసిందని ఎవరూ అడగలేదు. తల్లి నేల చూపులు చూసింది, ఆ రోజు భోజనాల హాల్లో చూసినట్టే.

తండ్రి కిటికీ వైపు నుంచి తిరిగాడు. కూతురి ముఖంలోకి చూశాడు.

"నీకిష్టమేనా?"

పెదవులు స్పష్టంగా కదిలాయి. అయినా అలవాటు కొద్దీ అతను అందించబోయాడు. ఆమె చెయ్యెత్తి అతన్ని ఆపింది.

"చదవలేకపోయాను నాన్నా. మళ్లీ చెప్పు."

ఆమెకు మొదటిసారే తెలిసిందని అతనికి తెలుసు. తల వంచుకున్నాడు.

తండ్రి కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుని, మళ్లీ అడిగాడు.