ఆదివారం మాత్రం చావని తెర

బుధవారం మధ్యాహ్నం 2:38. సెంటినరీ కాలనీలోని ఒక గని కార్మికుల క్వార్టర్‌లో టీవీ తెర మళ్లీ చచ్చింది. మంచం మీది బుచ్చన్న అరిచిన అరుపు మూడు క్వార్టర్ల అవతలికి వినిపించింది.

గురువారం ఒంటిగంటన్నరకు సైబర్ సెల్ ఎస్సై కృష్ణప్రియ గోదావరిఖని ఆఫీసు నుంచి వచ్చి ఆ గదిలో నిలబడింది. కోస్తా మనుషుల అమ్మాయి. పెరిగింది హైదరాబాదులో. ఇక్కడికి బదిలీ అయి మూడు వారాలే.

ఫిర్యాదు ఇచ్చింది బుచ్చన్న భార్య సారవ్వ. నిందితురాలు సొంత కోడలు యమున. నేరం? కంప్యూటర్‌ను చెడగొట్టి మామ ప్రాణం తీయజూడటం. అమ్మో, చిన్న నేరమా! ఎఫ్ఐఆర్ రాసేముందు ఒకసారి చూద్దామని కృష్ణప్రియ బయల్దేరింది.

రెండేళ్ల కింద బొగ్గు బాయిలో పైకప్పు కూలి బుచ్చన్న తొమ్మిది గంటలు బొగ్గు కింద చిక్కుకున్నాడు. నెత్తిమీది లైటు ఆరిపోయింది. నడుము పడిపోయింది. ప్రాణం దక్కింది గానీ చీకటంటే భయం పట్టుకుంది. అందుకే కొడుకు శివ నెల కింద ఒక పాత కంప్యూటర్ కొని, లైనక్స్ ఎక్కించి, టీవీకి తగిలించాడు. పొలాలు, వాగులు, పెళ్లి వీడియోలు ఆగకుండా తిరిగేవి. తెర వెలుగుతుంటే బుచ్చన్నకు ఊపిరి ఆడేది. ఆరిందా, మళ్లీ బొగ్గు కిందే.

"ఎప్పటి నుంచి ఇలా?"

"ఆ కంప్యూటర్ ఇంటికి వచ్చిన కాణ్నుంచే మేడం," అంది సారవ్వ. "దినాం రెండున్నర దాటినంక."

"రోజూనా?"

"ఐతారం తప్ప. ఐతారం నా కోడలు నస్పూర్‌కు తల్లిగారింటికి పోతది. ఆ దినం తెర సక్కగుంటది. ఇంకేం సాక్ష్యం కావాలె?"

"బాగుచేసేది ఎవరు?"

"అదే! కంప్యూటర్ బందు చేసి మల్ల ఏస్తది, బొమ్మొస్తది. చెడగొట్టేది అదే, బాగుజేసేది అదే. వేరు కాపురం కావాల్నట దానికి!"

తలుపు పక్కన యమున బట్టల సంచి సిద్ధంగా ఉంది. నాలుగింటికి పంచాయితీకి పెద్దమనుషులు వస్తారు. నేరం ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆమెను పంపించేయాలని సారవ్వ పట్టు. శివ డ్యూటీలో ఉన్నాడు.

"నువ్వేమంటావు?"

"ఏమంట మేడం? చేసిన అంటె పోవాలె. చెయ్యలే అంటె అబద్ధం ఆడుతున్న అంటరు. ఎటు తిరిగినా గోడనే," అంది యమున.

"రెండున్నరకు ఎక్కడుంటావు?"

"పెరట్ల. ఆరేసిన బట్టలు తీస్త."

"మీరు, సారవ్వగారూ?"

"నేనేడికి పోత? ఈయన కాడ్నే ఉంట."

కృష్ణప్రియ తన ల్యాప్‌టాప్ కలిపి, కంప్యూటర్ తన పనులన్నీ రాసుకునే లాగ్ తెరిచింది. ఒకటే వరుస. డిస్‌ప్లే డిస్‌కనెక్టెడ్. రెండు నిమిషాలకు డిస్‌ప్లే కనెక్టెడ్. సోమవారం 2:34. మంగళవారం 2:47. బుధవారం 2:38. ప్రోగ్రాం పెట్టి ఆపితే టైము ఇలా రోజూ మారదు. ఇది మనిషి చెయ్యే.

స్విచ్ బోర్డు చూసింది. కంప్యూటర్ స్విచ్ మీద బొగ్గు దుమ్ము మేట వేసింది; యమున నొక్కేది డబ్బా మీది బటన్. టీవీ స్విచ్ మాత్రం అద్దంలా ఉంది.

కుర్చీ లాక్కుని కూర్చుంది. ఉన్నది ఒక్కటే కిటికీ. ఉడుకుకు ఊపిరి సలపడం లేదు.

2:36. సైరన్.

కృష్ణప్రియ ఉలిక్కిపడి లేచింది. ఇంట్లో ఇంకెవరూ ఉలకలేదు. యమున పెరట్లోకి పరిగెత్తింది. బుచ్చన్న చెవులు మూసుకుని తెరనే చూస్తున్నాడు. సారవ్వ లేచి కిటికీ మూసింది. వస్తూ వస్తూ, అటు చూడకుండానే, గోడ మీది స్విచ్ నొక్కింది.

చీకటి. ఢమ్మని నేల అదిరింది. పైనుంచి సున్నం రాలింది.

"కప్పు కూలింది! కప్పు కూలింది!" అరిచాడు బుచ్చన్న.

2:38. సారవ్వ స్విచ్ వేసింది. కిటికీ తీసింది. తెర మీద "నో సిగ్నల్". బట్టల మోపుతో యమున లోపలికి వచ్చింది.

"సూసిన్రా మేడం? మల్ల చేసింది!" సారవ్వ కోడలి వైపు వేలు చూపించింది.

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే!

"సారవ్వగారూ, స్విచ్ ఎందుకు ఆపారు?"

"నేనా? నేనేడ ఆపిన?" ఆమెకు నిజంగానే గుర్తులేదు. "గదా... సైరన్ కూస్తే ఓపెన్‌కాస్టు బాయిల బ్లాస్టింగు గదా మేడం, బండలు పేలుస్తరు. దుమ్ముకు కిటికీ మూస్తం, టీవీ బందు చేస్తం. ఒకపాలి పాత టీవీ కాలిపాయె. ఇరవై ఏండ్లసంది చేస్తున్న. అది గూడ ఒక పనేనా?"

"ఉత్త టీవీ ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. ఈ కంప్యూటర్ వేరు. టీవీ ఆగగానే తెర ఊడిపోయిందనుకుని బొమ్మ పంపడం మానేస్తుంది. టీవీ మళ్లీ వచ్చినా పట్టించుకోదు. ఆపి వేస్తే కొత్తగా వెతుక్కుంటుంది. యమున చేసింది అంతే."

"మరి ఐతారం?"

"ఆదివారం బ్లాస్టింగ్ ఉంటుందా?"

"ఉండది. ఐతారం బాయి బందు," అంది సారవ్వ. తన కుడిచేతి వైపు చూసుకుంది.

"అంటె... ఇన్ని దినాలు ఈయనను చీకట్ల పడేసింది నేనేనా?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

3:10కి కృష్ణప్రియ సెట్టింగుల్లో ఒక లైను చేర్చింది. టీవీ ఉన్నా లేకున్నా బొమ్మ పంపుతూనే ఉండాలని. కంప్యూటర్ ఆపి వేసింది. తెర మీద పచ్చటి పొలం వచ్చింది. ఇక సైరన్ మోగినా టీవీ ఆపొద్దని, కిటికీ మూయొద్దని సారవ్వకు చెప్పింది.

నాలుగింటికి పెద్దమనుషులు వచ్చారు. సారవ్వ గడపలోనే ఎదురెళ్లింది.

"పిలిచింది నేనే. తప్పు చేసింది నేనే. చాయ్ తాగి పోన్రి."

తర్వాత కోడలి దగ్గరికి వచ్చింది. "సంచి లోపల వెట్టు బిడ్డా."

యమున కదల్లేదు. "మీరే వెట్టున్రి అత్తమ్మా."

సారవ్వ వంగి సంచి ఎత్తింది.

శుక్రవారం 2:40. ఫిర్యాదు వాపసు కాగితం పట్టుకుని కృష్ణప్రియ మంచం పక్కన నిలబడింది. సైరన్ మోగింది. సారవ్వ కుడిచెయ్యి తనంతట తానే స్విచ్ వైపు లేచింది.

మంచం మీంచి బుచ్చన్న ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"ఊకో. నేను పట్టుకున్న."

నేల అదిరింది. తెరిచిన కిటికీలోంచి దుమ్ము వచ్చి అందరి మీదా పడింది. తెర మీద పొలం అలాగే ఉంది. ఆయన అరవలేదు, చెయ్యి వదల్లేదు.

ఎస్సై కాగితం చాపింది. కుడిచెయ్యి ఆయన చేతిలోనే ఉంచి, సారవ్వ ఎడమచేతి బొటనవేలితో ముద్ర వేసింది.