వరసగా ఐదు నూట డెబ్బైలు

ఉదయం తొమ్మిది గంటలకు, ఆదోని మార్కెట్ యార్డులో పత్తి వేలం జోరుగా సాగుతుండగా, సీక్రెట్ ఏజెంట్ శివశంకర్ మెడలో హమాలీల ఇనుప కొక్కెం దిగింది. అరిచే వ్యవధి కూడా దొరకలేదు. పత్తి కుప్ప మీద బోర్లా పడ్డాడు. కుప్ప ఎర్రబడింది. పొడిచినవాడు ఆకుపచ్చ తలగుడ్డ సర్దుకుని జనంలో కలిసిపోయాడు.

అంతకు నిమిషం ముందు శివశంకర్ పంపిన మెసేజ్ ఒక్కటే: "ఎమ్మిగనూరు రోడ్డు ప్రెస్సు. నూరు బేళ్ళలో ఐదు. పన్నెండు గంటలు."

పదింటికి, పత్తిని బేళ్ళుగా బిగించే ఆ ప్రెస్సు గేటు ముందు టీ తాగుతున్న ఏజెంట్ ఉరుకుందు చెవిలో చీఫ్ గొంతు పలికింది.

"గ్రే ఫాల్కన్ ముఠా పని. ఐదు బేళ్ళలో ఎక్స్‌ప్లోజివ్. గోడ అవతల డీజిల్ ట్యాంకులు. అంటుకుంటే సగం ఆదోని ఉండదు. బాంబ్ స్క్వాడ్ కర్నూలు నుంచి రావాలి. టైముకు అందదు."

"జనాన్ని బయటికి పంపేదా సార్?"

"వద్దు. వాళ్ళ మనిషి లోపలే ఉన్నాడు, చేతిలో రిమోట్. ఎవరు కదిలినా నొక్కేస్తాడు. కాటన్ గ్రేడర్‌గా వెళ్ళు. మన ఏజెంట్ త్రివేణి లోపల ఉంది. కోడ్ ఉగ్గాని."

ఉరుకుందు ఆస్పరి పక్క పల్లెలో, ఒకే గది బడిలో లెక్కలు నేర్చినవాడు. మాట తక్కువ, చూపు ఎక్కువ. భుజానికి తేమ మీటరు వేలాడుతోంది. చూసేవాళ్ళకు అది పత్తిలో తేమ కొలిచే డబ్బా. లోపలున్నది సిగ్నల్ జామర్. బ్యాటరీ మూడు నిమిషాలే.

లోపల అరవై మంది ఆడవాళ్ళు పనిలో ఉన్నారు. బేళ్ళ వరస పక్కన నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్‌తో నిలబడి ఉంది త్రివేణి. అందరికీ ఆమె ముంబై నుంచి వచ్చిన బయ్యర్.

"ఇక్కడ ఉగ్గాని దొరుకుతుందా?"

"బజ్జీ లేకుండా ఎవరూ తినరు మేడమ్."

శాంపిల్ పేరుతో హమాలీ మేస్త్రి ఏసన్న చేత బేళ్ళు విప్పించడం మొదలుపెట్టారు. చుట్టూ బిగించిన ఇనుప పట్టీల వల్ల మెటల్ డిటెక్టర్ పనికిరాదు. పట్టీలు కోసి, పత్తి చీల్చి చూడాల్సిందే. పదో బేలు విప్పేసరికి పదకొండున్నర. అన్నిట్లోనూ పత్తే.

"ర్యాండమ్ శాంపిల్. పదికి పది క్లీన్," అంది త్రివేణి. "శివశంకర్ పొరబడ్డాడు. రిపోర్ట్ పంపెయ్."

ఉరుకుందు తల అడ్డంగా ఊపాడు. "నూటికి ఐదు చెడ్డవైతే ఒక్క బేలు మంచిది తగిలే ఛాన్స్ తొంభై ఐదు శాతం. దాన్ని పదిసార్లు హెచ్చవేస్తే అరవై దగ్గర తేలుతుంది. అంటే నూటికి అరవై సార్లు ఈ శాంపిల్ మనల్ని మోసం చేస్తుంది."

ఇక విప్పడానికి టైము లేదు. బేళ్ళ మీద సిరాతో రాసిన బరువులు చదువుకుంటూ నడిచాడు. 168, 173, 171, 166, 175...

"నూట డెబ్బై ఐదు! అన్నిటికంటే బరువు. అదే విప్పించు," త్రివేణి తొందరపెట్టింది.

ఉరుకుందు, ప్రెస్సు పెట్టెలో పత్తి తొక్కే ఆడవాళ్ళ ముఠా పెద్ద హులిగమ్మ వైపు తిరిగాడు. "అక్కా, బరువులు ఇట్ల ఎగుడుదిగుడుగా ఎందుకుంటాయి?"

"మేమేమన్నా బంగారం తూస్తాండామా అప్పా? కాళ్ళతో తొక్కేది. పత్తి తడిగా ఉంటే బరువు, ఎండితే తేలిక. నూట డెబ్బైకి రెండు కిలోలు అటో ఇటో. యాడన్నా ఒకటి నాలుగైదు ఎక్కువ పోతాది."

నార్మల్ డిస్ట్రిబ్యూషన్. సగటు నూట డెబ్బై, విచలనం రెండు. అంత దూరం పోయే బేలు నూటికి ఒకటి ఉండాల్సిందే. దాని మీద అనుమానం అక్కర్లేదు. త్రివేణికి ఆ లెక్క తెలియదా?

నడుస్తూ నడుస్తూ అరవై ఒకటో బేలు దగ్గర ఆగాడు. 170. పక్కది 170. ఆ పక్కవి కూడా. వరసగా ఐదు.

సరిగ్గా నూట డెబ్బై పడే ఛాన్స్ ఐదింట ఒకటి. వరసగా ఐదుసార్లు పడాలంటే మూడువేల నూట ఇరవై ఐదింట ఒకటి.

"ఇవి మీరు తొక్కినవేనా అక్కా?"

హులిగమ్మ చూసి నవ్వింది. "ఇంత సక్కగా తూసినోడెవడప్పా? మా కాళ్ళకు ఇంత తెలివి లేదు."

అనుమానం రాకూడదని పరాయివాడు కాటా పెట్టి మరీ సరిచేశాడు. పత్తి తొక్కడం వాడు ఎన్నడూ చూసినవాడు కాదు.

పదకొండు యాభై ఏడు. ఉరుకుందు తేమ మీటరు స్విచ్ నొక్కి, అరవై ఒకటి మీద చాక్‌పీస్‌తో గీత గీశాడు.

త్రివేణి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి సైలెన్సర్ పిస్టల్ బయటికి వచ్చింది. "చదువుకున్న పల్లెటూరోడు ప్రమాదమని ముందే చెప్పాను వాళ్ళకు."

ఏసన్న అడ్డం దూకాడు. గుండు అతని గొంతులోంచి దూసుకుపోయింది. ఉరుకుందు అతని కొక్కెం అందుకుని విసురుగా దించాడు. ఆమె మణికట్టు ఎముక చిట్లింది. పిస్టల్ ఎగిరిపడింది. రెండో చేత్తో లిప్‌స్టిక్ తీసి దాని అడుగు నొక్కింది. మళ్ళీ నొక్కింది. జామర్ దెబ్బకు ఆ రిమోట్ పనిచేయలేదు. కొక్కెం వెనకవైపుతో కణత మీద కొడితే కూలిపోయింది.

అప్పుడు వెనకనుంచి ఆకుపచ్చ తలగుడ్డ వాడి కత్తి ఉరుకుందు వీపు చీరింది. ఇద్దరూ పెనుగులాడుతూ ప్రెస్సు పెట్టె అంచుకు చేరారు. ఉరుకుందు వాడి మోకాలు విరగదన్నాడు. వాడు పెట్టెలోకి తలకిందులుగా పడ్డాడు.

హులిగమ్మ ఒకసారి ఏసన్న శవం వైపు చూసింది. ప్రెస్సు పచ్చ బటన్ నొక్కింది. ఉక్కు పలక దిగింది. కేక సగంలో తెగిపోయింది.

"దినామూ మాకు నీళ్ళందిచ్చినోడప్పా వాడు," అంది.

ఉరుకుందు గొడ్డలితో పట్టీలు తెంపాడు. పత్తి కింద పసుపురంగు ఎక్స్‌ప్లోజివ్ ముద్దలు, ఇసుక, ఒక వైరు. వైరు పట్టుకుని పోతే అరవై మూడో బేలు కడుపులోకి దారితీసింది. దాని నాలుగు పట్టీలూ తెంపాడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి టైమర్ లాగాడు. 00:04. ఐదు బేళ్ళకూ కలిపి ఒకటే డిటోనేటర్, ముద్దలో బిగుసుకుంది. నెత్తురుకు వేళ్ళు జారాయి. పళ్ళతో కరిచి పీకి దూరంగా విసిరాడు.

00:01. తర్వాత చిన్న టప్ శబ్దం, డిటోనేటర్ నేల మీద. అంతే.

చెవిలో చీఫ్. "ఉరుకుందూ! బతికే ఉన్నావా? ఈ పనిలోంచి బయటపడే ప్రాబబిలిటీ ఎంతని వేసుకున్నావయ్యా?"

ఉరుకుందు నోట్లోంచి పత్తి పోగులు ఊశాడు.

"ఒక్కసారే కదా సార్ చేసింది. శాంపిల్ చాలదు."