నిద్ర పట్టని కొత్త ఇల్లు

ఇడ్లీ ముక్క బుగ్గన పెట్టుకుని, నమలడం మరిచిపోయి పూర్ణిమ కూర్చున్నచోటే తూగుతోంది. కింద స్కూలు బస్సు హారన్ కొడుతోంది. పిల్ల స్కర్టు హుక్కు పట్టకపోవడంతో తల్లి మాలతి పిన్నీసు కోసం అలమర వెతుకుతోంది.

నయా రాయపూర్‌లో ఈ ఫ్లాటులోకి వచ్చి ఏడాది దాటింది. మాలతి భర్త శివాజీ పనిచేసే సచివాలయం దగ్గర. విశాలమైన గదులు, నున్నటి రోడ్లు. అంతకుముందు శంకర్ నగర్‌లో ఇరుకు గల్లీలో అద్దెకుండేవారు. పూర్ణిమ స్కూలు మాత్రం అక్కడే ఉండిపోయింది. అందుకే ఆ ఎనిమిదేళ్ల పిల్ల తెల్లవారకముందే లేవాలి. రాత్రి త్వరగా పడుకోబెడితే మంచం మీద దొర్లుతుందే తప్ప నిద్రపోదు. ఈ ఏడాదిలోనే బాగా లావెక్కింది. స్కూలుకి వచ్చిన డాక్టరమ్మ బరువు తగ్గించమని మరీ మరీ చెప్పి వెళ్లింది.

పిల్లను బస్సెక్కించి మాలతి పైకి వచ్చేసరికి అత్తగారు పైడమ్మ జంతికల పిండి కలుపుతోంది.

"అత్తమ్మా, నూనె వంటలు ఇంక ఇంట్లో వద్దు. డాక్టర్ ఏం చెప్పిందో మీకూ చెప్పాను కదా."

"ఇన్నాను. బడి నుంచి ఆకలితో వస్తాది. ఓ రెండు పెడతాను. అంతకంటే నానేటి సేసినాను?"

"ఆ రెండూ రెండూ కలిసే ఇంతయింది. పిల్ల ఒళ్లు పాడైందంటే మీ గారాబం వల్లే."

పైడమ్మ చెయ్యి పిండిలోనే ఆగిపోయింది. కాపరానికి వచ్చిన నాటినుంచీ కోడలు అంత మాట అనలేదు. ఆవిడ లేచి చేతులు కడుక్కుని, పిండి మీద పళ్లెం బోర్లించింది.

"అయితే నాను కల్యాణి దగ్గిరికెల్లిపోతాను. నాను లేకపోతే సన్నబడతాదేమో సూసుకో."

శివాజీ బతిమాలినా ఆగకుండా శంకర్ నగర్‌లోని కూతురింటికి వెళ్లిపోయింది.

ఆ తరువాత మాలతి పట్టుదలగా వంట మార్చేసింది. మొలకలు, జొన్నరొట్టె, ఉడికించిన కూరలు. పూర్ణిమ పేచీ పెట్టకుండానే తిన్నది. దసరా సెలవులు వచ్చేనాటికి కూడా పిన్నీసు అవసరం తీరలేదు, నిద్రా రాలేదు. మాలతికి మొదట విసుగు పుట్టింది. తరువాత ఆశ్చర్యం మొదలైంది. తప్పు తిండిది కాకపోతే మరి దేనిది?

సెలవులకి పూర్ణిమ మామ్మ దగ్గరికి వెళ్తానంటే పంపారు. మర్నాడు చీకటిపడగానే మాలతి ఆడబిడ్డకు ఫోన్ చేసింది.

"వదినా, పూర్ణిమకి ఓసారి ఇవ్వండి."

"సో గయీ. అన్నం తింటూనే నిద్రలోకి వాలిపోయింది."

"ఒంట్లో బాగానే ఉందా?"

"దానికేం, మజాగా ఉంది. పకోడీలు కూడా లాగించింది."

ఆ మర్నాడూ అదే జవాబు. పకోడీలు తిని, చెప్పకుండానే పడుకుంటోందా? అక్కడేం జరుగుతోందో చూడాలనిపించి మాలతి పొద్దున్నే శంకర్ నగర్ వెళ్లింది.

గల్లీలో ఆడపిల్లలు పెంకులు పేర్చి పిట్టూ, అదే ఏడుపెంకులాట, ఆడుతున్నారు. అందులో చెమటతో మెరుస్తున్న పిల్ల తన కూతురేనని పోల్చుకోవడానికి మాలతికి కాస్త సమయం పట్టింది. పూర్ణిమ చెయ్యి ఊపి మళ్లీ బంతి వెనక పరుగెత్తింది. మాలతి మెట్ల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది. మేనత్త కొత్తిమీర తెమ్మంటే పిల్ల దుకాణానికి పరుగు. పక్కింటావిడ పెరుగు తెమ్మంటే మళ్లీ పరుగు. మధ్యలో ఎవరి పాపో ఏడిస్తే చంకనేసుకుని గల్లీ అంతా తిప్పింది.

మాలతికి తమ ఫ్లాటు గుర్తొచ్చింది. బస్సు గేటు దగ్గర ఎక్కించుకుంటుంది, గేటు దగ్గరే దింపుతుంది. పైకి లిఫ్టు. కింద పార్కులో ఉయ్యాలలున్నాయి గానీ సగం ఇళ్లకు ఇంకా తాళాలే. కొత్తిమీర కావాలన్నా శివాజీ స్కూటర్ తియ్యాలి. రోజంతా ఒళ్లు అలవని పిల్లకు నిద్రెక్కణ్ణుంచి వస్తుంది?

ఇంట్లో పైడమ్మ బియ్యం ఏరుతోంది. మాలతి వెళ్లి పక్కన కూర్చుంది.

"తప్పు నాదే అత్తమ్మా. దానికి తిండి ఎక్కువ కాలేదు, ఆట కరువైంది. అనవసరంగా మిమ్మల్ని అన్నాను. ఇంటికి పదండి."

పైడమ్మ తలెత్తలేదు. "నీ మీద కోపం లేదమ్మా. ఆ ఇంటికి మాత్రం రాలేను."

"ఎందుకని?"

"అక్కడ నాకూ నిద్దర పట్టదు. పగలల్లా మాటాడ్డానికి మడిసి కనపడదు. పిల్ల వచ్చిందాకా తలుపుకేసి సూస్తా కూకుంటాను. అందుకే వచ్చీరాగానే ఏదో ఒకటి పెట్టీదాన్ని. అది తింటన్నంతసేపూ నా కాడ కూకుంటాది గదా."

"ఇన్నాళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"నా కొడుకు ముచ్చటపడి కొనుక్కున్న ఇల్లు. ఎలా సెప్పమన్నావు?"

మాలతి కళ్లు నిండిపోయాయి. చేట పక్కకు జరిపి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం శివాజీ కూడా అక్కడికి వచ్చాక ఆమె ఉన్నదంతా చెప్పి, మళ్లీ ఈ గల్లీకే వచ్చేద్దామంది. అతను మండిపడ్డాడు.

"పిల్ల నిద్రపోవడం లేదని ఇల్లు వదిలేస్తారా ఎవరైనా? అక్కడి గాలి చూడు, ఇక్కడి దుమ్ము చూడు."

"గాలి మంచిదేనండీ. పీల్చుకోవడానికి మనింట్లో బయటికి వెళ్లేదెవరు?"

అతను అమ్మనే అడుగుదామని లోపలి గదిలోకి వెళ్లాడు. పూర్ణిమ మామ్మ ఒడిలో తలపెట్టి అప్పుడే నిద్రలో పడింది. పైడమ్మ కూడా గోడకు చేరగిలబడి సన్నగా గురక పెడుతోంది. తల్లిని అంత నిశ్చింతగా చూసి ఎంతకాలమైందో అతనికి గుర్తు రాలేదు. గుమ్మం దగ్గర నుంచే కల్యాణిని, మాలతిని సైగతో పిలిచాడు.

"అక్కా, మీ మేడ మీద వాటా ఖాళీగానే ఉందా?" గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"ఉంది. మరి నీ ఆఫీసు?" అంది కల్యాణి.

"ఆ దూరం తిప్పలు నేను పడతాన్లే. చిన్నపిల్లని తెల్లారకుండా లేపి బస్సెక్కించే బదులు నేనే ఎక్కుతాను."

మాలతి పూర్ణిమను మెల్లగా పక్క మీదికి జరిపి, అత్తగారి తల కింద దిండు పెట్టింది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.