బావి గట్టు మీద వేసిన జడలు

ఉదయం ఆరున్నరకు చాపెల్ వెనుక బావిలోంచి రామతులసిని పైకి తీశారు.

పదో తరగతి. ఉప్పాడ జాలర్ల అమ్మాయి. తుని దగ్గరి ఈ కాన్వెంట్ హాస్టల్లో చేరి ఏడాది కాలేదు. కుడిచేతికి పిండికట్టు. రెండు జడలు మడిచి, ఎర్ర రిబ్బన్లు కట్టి ఉన్నాయి.

"సూసైడ్ అండి," అంది వార్డెన్ సిస్టర్ దీనమ్మ. "ఎవరితోనూ కలిసేది కాదు."

ఎస్సై సత్యవాణి రిబ్బన్ను వేలితో లాగింది. రాత్రంతా నీళ్లలో నానినా ముడి జారలేదు.

"నిన్న సాయంత్రం అటెండెన్స్ తీశారా?"

"లీడర్ శ్రీసుధ తీసిందండి. అందరూ ఉన్నారంది."

శ్రీసుధను పిలిపించారు. డాక్టరు గారి అమ్మాయి. తల దించలేదు.

"ఒకమ్మాయి లేకపోతే అందరూ ఉన్నారని ఎలా చెప్పావ్?"

"తనని లెక్కపెట్టడం మానేశాం మేడమ్."

"అంటే?"

"తపస్కాలం కదండీ. ఈస్టర్ దాకా ఇష్టమైనది ఒకటి మానుకోవాలి. కొందరు స్వీట్లు మానుకున్నారు. మా డార్మిటరీ వాళ్లం తులసితో మాట్లాడటం మానుకున్నాం. ముట్టుకోవడం కూడా."

"అయితే తనంటే మీకు ఇష్టమన్నమాట."

శ్రీసుధ నవ్వు ఆపుకుంది. "చేపల కంపు మేడమ్."

"ఈ ఐడియా ఎవరిది?"

"బేబీది."

బేబీ సన్నగా ఉంది. అడగకముందే చెప్పింది. "మాది సామర్లకోట అండి. మావయ్య వాళ్లింట్లో ఉంటాను. తులసి నాకు అంతగా తెలీదు."

సత్యవాణి వార్డెన్ వైపు తిరిగింది. "ఈ అమ్మాయికి జడ ఎవరు వేసేవారు?"

"చెయ్యి విరిగాక జుట్టు విరబోసుకునే ప్రేయర్‌కి వచ్చేదండి. రోజూ తిట్టేదాన్ని. వేయమంటే ఒక్కరూ కదల్లేదు."

"మరి నిన్న ఎవరు వేశారు?"



పదకొండుకు స్టడీ హాల్లో డార్మిటరీ అమ్మాయిలందరినీ కూర్చోబెట్టారు. చేతికో రిబ్బను. ముందున్న అమ్మాయికి జడ వేసి కట్టాలి.

"కేసు వదిలేసి జడల పోటీ ఏంటండి మేడమ్?" అన్నాడు కానిస్టేబుల్ గంగరాజు.

"జడలు కాదు, చేతులు చూడండి గంగరాజు గారూ."

అందరూ ముగించారు. బేబీ ఇంకా కడుతూనే ఉంది.

"ఎందుకంత ఆలస్యం?"

"ఏం లేదండి."

ఆమె ముందు కూర్చున్నది శ్రీసుధ. "ఒకసారి కట్టి విప్పింది మేడమ్. జుట్టు పీకేసింది."

సత్యవాణి దగ్గరకొచ్చింది.

"తులసి రిబ్బనుకి ఉన్నది వల అల్లేవాళ్లు వేసే ముడి. తడిసేకొద్దీ బిగుస్తుంది. మాదీ ఉప్పాడే, నాకూ వచ్చు. తులసికీ వచ్చు, తనే వేసుకుందనుకోవచ్చు. కానీ పిండికట్టుతో రెండు జడలు ఎలా వేసుకుంటుంది? నీ చేతులు ముందు ఏ ముడి వేశాయి బేబీ? సామర్లకోటలో నేర్చుకున్నావా?"

శ్రీసుధ జడను ముందుకు లాక్కుని వాసన చూసుకుంది.

అది చూశాకే బేబీ నోరు విప్పింది.

"మాదీ ఉప్పాడేనండి. ఆదివారం విజిటర్స్ డే. మా అమ్మను ఎప్పుడూ రావద్దంటాను. తులసి ఫోన్లో వాళ్లమ్మకి చెప్పిందంట, మా అమ్మనీ తీసుకురమ్మని. నేను సంతోషపడతాననుకుంది."

"నువ్వేం చేశావ్?"

"జపమాల టైములో జడ వేస్తానని పిలిచాను. బావి గట్టు మీద కూర్చుంది. ఎన్నాళ్లకి మాట్లాడావే అని ఏడ్చింది. రెండో జడ కట్టాక తోసేశాను."

"కట్టేదాకా ఎందుకు ఆగావ్?"

"సగంలో వదిలేస్తే ఎవరో జడ వేస్తున్నారని అనుమానం వస్తుందని."

బయట గేటు దగ్గర తులసి తల్లి తలుపులమ్మ నేల మీద కూలబడి ఉంది. ఆమెను పట్టుకుని ఇంకో ఆడమనిషి కూర్చుంది. జీపు వైపు వస్తున్న బేబీని చూసి లేచింది.

"బేబమ్మా, నిన్నెక్కడికి తీసుకెళ్తున్నారే?"

సత్యవాణి ఆగింది. "మీ అమ్మేనా?"

బేబీ వెనక్కి చూసింది. వరండాలో శ్రీసుధ, మిగతా అమ్మాయిలు వరసగా నిలబడి ఉన్నారు.

"ఆవిడెవరో నాకు తెలీదండి," అంది బేబీ, వాళ్లకి వినపడేలా.