వెనక సీట్లో ఆవిడ

కట్టుడు పళ్ళు తయారుచేసే ఆ గదిలో మధ్యాహ్నం భోజనాల వేళకి మిషన్లన్నీ ఆగిపోయేవి. అరగదీసే చక్రం ఆగాక దాని మోత కాసేపు చెవుల్లోనే తిరిగేది. ఆ తర్వాత మెల్లగా నిశ్శబ్దం పరుచుకునేది. గోడ పొడుగునా అరల్లో తెల్లటి దవడ అచ్చులు, ఒక్కోదానికీ మనిషి పేరు రాసి అంటించిన చీటీ. బల్ల మీద కరిగి గడ్డకట్టిన గులాబీరంగు మైనం. చిగుళ్ళు పోసే పొడిని కలిపే మందు ఘాటు గాలిలో ఎప్పుడూ ఉండేది. అలవాటైనవాళ్ళకి అది తెలిసేది కాదు. కొత్తవాళ్ళు మాత్రం గుమ్మంలోనే ముక్కు మూసుకునేవారు.

అక్కడ పనిచేసే ఒకామెని అందరూ కథలమ్మ అనేవారు. కథలు చెబుతుందని కాదు. చదవండి చదవండని ప్రాణాలు తోడేస్తుందని.

"చదివావా?" ఆ రోజు డబ్బా మూత తీస్తూనే అడిగింది కథలమ్మ.

పక్క బల్ల దగ్గర పనిచేసే స్నేహితురాలు, అందరూ పొట్టి అని పిలిచేది, నోటినిండా ముద్ద ఉన్నట్టు చెయ్యి ఊపింది.

"నోట్లో ఏమీ లేదు, నాకు కనిపిస్తూనే ఉంది. చదివావా, లేదా?"

"మొదలుపెట్టానే. భలే ఉంది."

"ఏం భలే ఉంది?"

"అదే... బొమ్మలు. ఆ రంగులు అవీ."

"అది నలుపు తెలుపు!"

పొట్టి నాలిక్కరుచుకుంది. కథలమ్మకి అన్నం సహించలేదు.

ఆమె బాధ తీరేది కాదు. ఫోన్లో బొమ్మల్ని కిందికి జరుపుకుంటూ చదివే కథ అది. పేరు 'వానలో బస్సు'. ఒక కండక్టరు పిల్ల, ఒక్క మాటా మాట్లాడని డ్రైవరు, ఎంతకీ తెరిపివ్వని వాన. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, ఒక్కొక్కళ్ళదీ ఒక్కో గోడు. ఎవరు గీశారో ఎవరికీ తెలియదు. సగంలో ఆపేసి మాయమైపోయారు. మనసొప్పని అభిమానులు కొందరు అదే బస్సుని, అదే మనుషుల్ని తీసుకుని తమకి తోచినట్టు తర్వాతి కథ రాసి పెట్టేవారు. కథలమ్మా రాసేది. కానీ ఆమె కథ కింద ఒక్కరంటే ఒక్కరు కూడా ఒక మాట రాసిన పాపాన పోలేదు.

తనకి నచ్చినదాని గురించి నోరారా మాట్లాడుకోవడానికి ఒక్క మనిషి కావాలి ఆమెకి. అంతే. ఎన్నిసార్లు పంపినా అవతలినుంచి బొటనవేలి బొమ్మ ఒకటి వచ్చేది. ఇంట్లో వదిన మరీ అన్యాయం. కుట్టుమిషను తొక్కుతూ, సూది మీంచి చూపు తిప్పకుండా, "చూస్తాలే అమ్మాయ్, ఈ గౌనొక్కటీ అయిపోనీ" అనేది. ఆ గౌను ఏనాటికీ అయ్యేది కాదు. ఇక అన్నయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు. కరెంటు బిల్లు తప్ప మరో అక్షరం చదివే మనిషి కాదు.

అలాంటిది, ఒకరోజు పొద్దున్నే పొట్టి ఉబ్బిన కళ్ళతో వచ్చి బల్ల ముందున్న బెంచీ మీద చతికిలబడింది.

"రాత్రంతా చదివాను. మొత్తం."

కథలమ్మ చేతిలో మైనం కత్తి పక్కన పడేసింది. "నిజంగా? ఒట్టు? చెప్పు చెప్పు, ఎవరు నచ్చారు? డ్రైవరేనా?"

"డ్రైవరేంటి నీ మొహం. వెనక సీటావిడ!"

"వెనక సీటెప్పుడూ ఖాళీయే కదా."

పొట్టి నవ్వింది. "బాగానే ఏడిపిస్తావు. మొదటి బొమ్మ నుంచీ ఉందిగా ఆవిడ! ఎంతమంది ఎక్కినా దిగినా, తను మాత్రం అలా కూర్చునే ఉంటుంది. నోరు విప్పదు. పాపం అనిపిస్తుంది."

కథలమ్మ ఆమె ఫోను లాక్కుని చూసింది. తనకి కంఠతా వచ్చిన బొమ్మలే. కిటికీ అద్దం మీద వాన చారలు, చిరిగిన సీటు, ఆ సీటు మీద ఏమీ లేదు. "ఎక్కడ?"

"ఇదిగో." పొట్టి వేలు ఖాళీ సీటు మీద ఆనింది.

తన పోరు పడలేక, చదవకుండానే ఏదో కల్పించి చెబుతోందని కథలమ్మకి ఒళ్ళు మండింది. సాయంత్రం దాకా పలకలేదు. ఇంటికి వెళ్ళేసరికి కుట్టుమిషను ఆగి ఉంది. వదిన ఫోను మీదికి వంగి కూర్చుని ఉంది.

"అమ్మాయ్, ఇన్నాళ్ళూ ఎంత పోగొట్టుకున్నానే! ఆ వెనక సీట్లో ఆవిడ..."

పొట్టికి వదిన ఎవరో తెలియదు. వదినకి పొట్టి మొహం తెలియదు. కథలమ్మ చెప్పులు విప్పడం మర్చిపోయి అక్కడే నిలబడింది.

మర్నాడు ఆమే ఇద్దర్నీ కలిపింది. కలిపి తప్పు చేసింది. ఇక వాళ్ళిద్దరూ ఒకటే గుసగుసలు. ఫోన్లో గంటలు గంటలు. ఆవిడ ఇవాళ తల తిప్పిందట. ఆవిడ ఒక వరస ముందుకొచ్చి కూర్చుందట. ఎప్పుడో ఆగిపోయిన కథలో, ఎప్పుడో గీసేసిన బొమ్మలో ఎలా జరుగుతుందని అడిగితే ఇద్దరూ జాలిగా చూసేవారు. అంతటితో ఆగలేదు. వెనక సీటావిడ మీద చెరో కథా రాసి పెట్టారు. జన్మలో ఉత్తరం ముక్క రాయని వదిన రాసింది! దాని కింద ఎవరెవరో ఊరూపేరూ లేనివాళ్ళు వందలకొద్దీ వచ్చిపడ్డారు. అందరికీ ఆవిడే కావాలి. అందరికీ ఆవిడ కనిపిస్తోంది.

కథలమ్మకి భయం కన్నా ముందు ఉక్రోషం వచ్చింది. ఆ బస్సుని వీళ్ళకి చూపించిందెవరు? నెలల తరబడి బతిమాలిందెవరు? తను తెచ్చిన విందుకి తననే గుమ్మం బయట నిలబెట్టారు. రోజూ పడుకోబోయే ముందు ఆ ఖాళీ సీటుని పెద్దది చేసి, కళ్ళు నీళ్ళు కారేదాకా చూసేది. సీటు. చిరుగు. వాన. అంతే.

"నాకెందుకు కనపడదు?" అని ఒకసారి వదినని నిలదీసింది.

వదిన దారం కొరికి, చాలా మెల్లగా అంది. "పిలిచినవాళ్ళకి కనపడదట."

"ఎవరు చెప్పారు?"

వదిన మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఆ వారం చివర్లో వాన పట్టుకుంది. సాయంత్రం యజమాని తాళాలు పొట్టికి అప్పగించి తొందరగా వెళ్ళిపోయాడు. "ఒక్క పది నిమిషాలు ఉండవే, నీకొకటి చూపించాలి" అంది పొట్టి. బయట చీకటి పడలేదు గానీ, మబ్బుకి గది మాత్రం మసకబారింది. అరల్లోని దవడలు మరీ తెల్లగా కనిపించాయి.

పొట్టి తన అరలోంచి ఒక అచ్చు తీసి బల్ల మీద పెట్టింది. దానికి పేరు చీటీ లేదు.

కథలమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. ఎన్నో దవడలు పట్టిన చేతులు ఆమెవి. ముసలివి, పసివి, వంకరవి, విరిగినవి. ఈ అచ్చు వెనక్కి ఎంతకీ ముగియలేదు. దవడ ఆగాల్సిన చోట ఆగకుండా ఇంకా లోపలికి సాగిపోయింది. దాని మీద మచ్చుకి ఒక్క పన్నయినా లేదు.

"ఎవరిదిది?"

"అందుకే మాట్లాడదే పాపం" అంది పొట్టి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా. "పళ్ళు లేవు. నేను చేశాను." పక్కనే నీళ్ళ గిన్నె మీద మూత తీసింది. లోపల కొత్త పళ్ళ కట్టు, పైదీ కిందదీ, తళతళా మెరుస్తోంది. వరస చాలా పొడుగ్గా ఉంది.

"అచ్చు ఎక్కడిదని అడుగుతున్నాను!"

తలుపు చప్పుడైంది. వదిన. తడిసి ముద్దయి, చంకలో సంచీ. సంచీలోంచి బూడిదరంగు గౌను తీసి దులిపింది. దాని చేతులు జారి నేల దాకా వేలాడాయి.

"సరిగ్గా సరిపోతుంది" అంది వదిన. "కొలతలు తీసుకునే కుట్టాను."

కథలమ్మ అచ్చుని బల్ల మీద పెట్టేసింది. "వదినా, ఇంటికి పోదాం పద."

"వెళదాంలే. ముందు నువ్వొక చిన్న పని చెయ్యాలి." వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంచులా ఉంది. "మేం ఎంత రాసినా ఆవిడ బస్సులోనే ఉంటోంది. నువ్వు రాయాలట. నీ కథలో ఒక్క వాక్యం. ఆవిడ దిగింది అని."

"లేని మనిషిని నేనెలా దింపను?"

"లేదనుకుంటే రాయడానికేం?" అంది పొట్టి.

ఆ మాటకి కథలమ్మలో ఇన్నాళ్ళూ అణుచుకున్నదంతా ఒక్కసారి పొంగింది. "మీ ఇద్దరికీ పిచ్చి పట్టింది! నేను ప్రాణం పెట్టి రాసినవి ఒక్కటి చదివారా? ఒక్కటి? ఇప్పుడు నేను రాయాలా? సరే. రాస్తాను. దాంతో నన్ను వదిలేయండి!" ఫోను తీసింది. తన కథ చివర ఆ రెండు మాటలూ కొట్టింది. ఆవిడ దిగింది. "ఇదిగో, పెట్టాను. ఇక చాలా?"

కరెంటు పోయింది.

వాన చప్పుడు దగ్గరికొచ్చినట్టయింది. మందు ఘాటు ఎక్కడికి పోయిందో... దాని బదులు తడిసిన సీటు బట్ట వాసన. తుప్పు వాసన. చాలాకాలం తలుపు తీయని బస్సు లోపలి గాలి.

"వచ్చింది" అని పొట్టి గుసగుసలాడింది.

"ఎవరూ రాలేదు. తలుపు తీసి లేదు" అంది కథలమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

గిన్నెలో నీళ్ళు కదిలాయి.

చాలా కొంచెం... వేళ్ళు ముంచి తీసినంత.

"జరుగు" అంది వదిన చీకట్లో. ఎవరితోనో కాదు, పొట్టితో. "ఆవిడ కూర్చుంటుంది." బెంచీ కిర్రుమంది. ఇద్దరూ చెరో పక్కకీ జరిగారు. గౌను బట్ట రాసుకున్న శబ్దం... ఒక చెయ్యి దూర్చుకున్నట్టు... ఇంకో చెయ్యి...

కథలమ్మ ఫోను లైటు వేసింది.

బెంచీకి ఒక చివర పొట్టి. ఇంకో చివర వదిన. మధ్యలో ఖాళీ. ఆ ఖాళీ వైపు ఇద్దరూ తలెత్తి చూస్తున్నారు, చాలా ఎత్తున్నవాళ్ళ మొహంలోకి చూసినట్టు. నవ్వుతున్నారు. గిన్నెలో నీళ్ళు మాత్రమే ఉన్నాయి. గౌను లేదు.

టక్.

పన్నుకి పన్ను తగిలిన చప్పుడు. కొత్త కట్టు పెట్టుకున్నవాళ్ళు సరిచూసుకుంటారే, అలా.

టక్... టక్.

ఆ తర్వాత ఎవరో మొదటిసారి నోరు తెరిచి గాలి పీల్చుకున్నారు. చెప్పడానికి సిద్ధమవుతున్నట్టు... ఆమె చెవి పక్కనే.

కథలమ్మ పరుగెత్తింది. గొడుగు లేదు, చెప్పుల్లో ఒకటే మిగిలింది. వానలో పరుగెడుతూనే ఆ వాక్యాన్ని చెరిపేసింది. ఇంటి మెట్ల మీద కూలబడి మళ్ళీ మళ్ళీ చూసుకుంది. చెరిగిపోయింది. నిజంగానే లేదు.

కాసేపటికి వదిన వచ్చింది, ఏమీ జరగనట్టు. "అలా పారిపోయావేంటే? జలుబు చేస్తుంది, తల తుడుచుకో" అంది. మర్నాడు పనిలో పొట్టీ అంతే. ఆ బొమ్మల కథ ఊసెత్తితే, "ఏదీ, ఆ బస్సుదా? చదవాలే, తీరిక దొరకట్లేదు" అంది. మాటలో కల్లాకపటం కనిపించలేదు. పేరులేని అచ్చు అరలో లేదు. వదిన రాసిన కథ ఆమె ఫోన్లో లేదు. దాని కింద చేరిన ఆ వందల మందీ లేరు. ఒకప్పుడైతే చదవలేదన్న మాటకి కథలమ్మ ప్రాణం ఉసూరుమనేది. ఇప్పుడు ఆమె ఊపిరి పీల్చుకుంది. ఇక జన్మలో ఎవరికీ ఏదీ పంపకూడదనుకుంది.

రెండు మూడు రోజులు గడిచాయి. వాన మాత్రం వెలవలేదు.

పొద్దుగూకే వేళ, మేడమీది వరండాలో బట్టలు తీస్తూ కథలమ్మ కిందికి చూసింది. అన్నయ్య పని నుంచి వస్తున్నాడు. వీధి తలుపు తీశాడు. లోపలికి రాకుండా, ఎందుకో పక్కకి ఒదిగి, తలుపుని వీపుతో ఆనించి నిలబడ్డాడు.

"రండి, రండి" అన్నాడు మర్యాదగా. ఒక నిమిషం ఆగాడు. మళ్ళీ "రండి" అన్నాడు. మళ్ళీ ఆగాడు.

వీధిలో పిట్ట కూడా లేదు.

"అన్నయ్యా!" పిలిచింది. "ఎవరితో మాట్లాడుతున్నావు?"

అతను తలెత్తాడు, కొంచెం విసుగ్గా. "ఉండవే. బస్సు దిగొచ్చారు, పాపం అందరూ తడిసిపోయారు."

గొడుగు ఇంకో చేతిలోకి మార్చుకుని, తలుపు మూసుకుపోకుండా కాలు అడ్డం పెట్టాడు.